"మరచిపోయాం" అని ఆంగ్లంలో రాయవలసి వచ్చినప్పుడు ఏ క్రియ వాడాలి?

ఫర్గెట్, నెగ్లెక్ట్, ఒమిట్, ఓవర్‌లుక్ అనే క్రియలన్నిటికీ నిఘంటువులో దాదాపు ఒకే అర్థం కనిపిస్తోందనీ, ఆఫీసు ఉత్తరాల్లో ఒకదాని బదులు మరొకటి వాడవచ్చా అనీ మీరు అడిగారు. వాడకూడదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, నేను రాసిన ఒక ఉత్తరం బెడిసికొట్టి నేర్పింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎగుమతి సరుకుల కాగితాలు చూసే పని నాది. ఒకసారి పంపిన కాగితాలకు ప్యాకింగ్ లిస్టు జతపరచడం మరచిపోయాను. క్షమాపణ రాస్తూ, ఫర్గాట్ అంటే మరీ బడిపిల్లల మాటలా ఉంటుందనుకుని, "వీ నెగ్లెక్టెడ్ టు అటాచ్ ద ప్యాకింగ్ లిస్ట్" అని రాశాను. పెద్ద మాట పడిందని లోలోపల మురిసిపోయాను కూడా. సరుకు నాలుగు రోజులు రేవులో ఆగిపోయింది. ఆ అద్దె ఎవరు భరించాలనే పేచీ వచ్చినప్పుడు అవతలివారు నా వాక్యాన్నే ఎత్తి రాసి, నిర్లక్ష్యం చేశామని మీరే ఒప్పుకున్నారు కనుక ఖర్చు మీదేనన్నారు. మా మేనేజరు గారు ఆ ఉత్తరాన్ని ప్రింటు తీసి, ఆ ఒక్క మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేదనిపించింది.

నెగ్లెక్ట్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. ఏరుకోకపోవడం, చేతికి తీసుకోకపోవడం అనే భావం దాని మూలంలో ఉంది. చేయవలసిన బాధ్యత ఉండీ శ్రద్ధ పెట్టలేదనే నింద ఆ క్రియలోనే ఇమిడి ఉంటుంది. రోడ్డు ప్రమాదాల కేసుల్లో తరచూ వినిపించిన శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్‌లోని "ర్యాష్ ఆర్ నెగ్లిజెంట్" అనే పదబంధంలో ఉన్నదీ ఆ మాట పిల్లే. 2024 జూలై 1 నుంచి ఆ నేరం భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కిందికి మారినా, నిర్లక్ష్యం అనే భావం మాత్రం అలాగే ఉంది. అటువంటి మాటను మన తప్పు గురించి మనమే రాసుకోవడం కోరి గుదిబండను మెడకు కట్టుకోవడమే.

ఫర్గెట్‌లో ఆ నింద లేదు. మన మరచిపోవు అనే క్రియను గమనించండి: జారిపోవు, పడిపోవు అన్నట్టే చివరనున్న "పోవు" ఆ పని మన ప్రమేయం లేకుండా జరిగిందని చెబుతుంది. "నాకు గుర్తు లేదు" అన్నప్పుడైతే "నేను" కాస్తా "నాకు" అయి, కర్త స్థానం నుంచే తప్పుకుంటాము. ఆంగ్లంలో ఈ వెసులుబాటు "ఇట్ స్లిప్డ్ మై మైండ్" అనే మాటకు ఉంది, కానీ అది సహోద్యోగికి చెప్పుకోదగినదే తప్ప కస్టమరుకు రాయదగినది కాదు. ఒక్క జాగ్రత్త: "గొడుగు ఇంట్లో మరచిపోయాను" అనే మన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఆంగ్లంలోకి దింపకండి. వస్తువును వదిలి వచ్చిన చోటు చెప్పేటప్పుడు ఫర్గాట్ బదులు లెఫ్ట్ అనడమే సరైన వాడుక.

ఓవర్‌లుక్ నాకు వీటన్నిటిలోకీ విచిత్రంగా తోస్తుంది. కిటికీ సముద్రాన్ని ఓవర్‌లుక్ చేస్తుంది అంటే అక్కడినుంచి సముద్రం కనిపిస్తుందని అర్థం. గుమాస్తా ఒక అంకెను ఓవర్‌లుక్ చేశాడంటే అది కంటికి ఆనలేదని అర్థం. పెద్దవారు చిన్న తప్పును చూసీ చూడనట్టు ఊరుకుంటే దానికీ ఇదే మాట. దీని తోబుట్టువైన ఓవర్‌సైట్ కూడా అంతే: ఒకచోట పర్యవేక్షణ, మరొకచోట పొరపాటు. పని చేస్తూ ఉండగా కన్ను జారిందని చెప్పడానికి ఓవర్‌లుక్ మర్యాదైన మాట. అయితే ఫర్గెట్, నెగ్లెక్ట్‌ల తరువాత వచ్చే "టు అటాచ్" వంటి రూపం దీని తరువాత రాదు, నామవాచకమే రావాలి. "ఐ ఓవర్‌లుక్డ్ టు అటాచ్" అని రాసినవారిని చాలామందిని చూశాను, అది తప్పు.

ఓవర్‌లుక్ రావలసిన చోట ఇగ్నోర్ వాడటం ఇంకా ప్రమాదకరం. ఈ క్రియకు మూలమైన లాటిన్ మాటకు తెలియకపోవడమనే అర్థం ఉన్నా, నేటి ఆంగ్లంలో ఇది తెలిసి తెలిసి పట్టించుకోకపోవడమే. "సారీ, ఐ ఇగ్నోర్డ్ యువర్ మెయిల్" అని రాస్తే, చూశాను గానీ ఖాతరు చేయలేదని చెప్పినట్టవుతుంది. పాత మెయిల్‌ను లెక్కలోకి తీసుకోవద్దని కోరేటప్పుడు మాత్రం ఇగ్నోర్ ఫరవాలేదు, డిస్‌రిగార్డ్ ఇంకాస్త లాంఛనంగా ఉంటుంది.

ఇక ఒమిట్. మీ దగ్గరున్న బిల్లుల అడుగు భాగం చూడండి. చాలావాటి మీద "ఇ అండ్ ఓఇ" అనే పొడి అక్షరాలు ఉంటాయి. తప్పులూ, వదిలివేతలూ దొర్లి ఉంటే వాటిని సరిదిద్దే హక్కు తమకు ఉందని అమ్మినవారు చెప్పుకునే మాట అది, అందులోని "ఓ" ఒమిషన్సే. రాతలోంచి ఏదో తప్పిపోయిందనే సంగతిని మాత్రమే చెప్పి, కావాలని వదిలారా, పొరపాటున వదిలారా అన్నది ఒమిట్ తేల్చదు. అందుకే దాని పక్కన ఇనడ్వర్టెంట్లీ, అనగా అనుకోకుండా, అనే మాట చేర్చడం ఆఫీసుల్లో ఆనవాయితీ.

ఆ పేచీ చివరికి సగం సగం భరించే ఒప్పందంతో ముగిసింది. ఆ తరువాత ఇటువంటి సందర్భాల్లో నేను రాస్తూ వచ్చిన వాక్యం ఇది, మీ ఉత్తరానికీ సరిపోతుంది: "ద ప్యాకింగ్ లిస్ట్ వాజ్ ఇనడ్వర్టెంట్లీ ఒమిటెడ్ అండ్ ఈజ్ నౌ అటాచ్డ్." మెయిల్ పంపే ముందు జాబితా నిజంగా జతపడిందో లేదో చూసుకోండి, రెండుసార్లు నేను ఈ వాక్యాన్నే రాసి, జాబితా పెట్టకుండా పంపాను.