టర్బో ఇంజిన్ జీపులో పడుతుంది, ఆర్‌సీలో పట్టదు

ప్రశ్న: మా నాన్నగారు 1996లో కొన్న మహీంద్రా ఎంఎం 540 జీపు మా ఇంట్లో ఉంది. డీజిల్ బండి, ఫోర్ వీల్ డ్రైవ్. మా మిర్చి చేనుకు వెళ్లే దారి వానాకాలంలో మోకాలి లోతు బురద. బరువు వేస్తే పాత ఇంజిన్ లాగలేకపోతోంది. వరంగల్‌లో ఒక షెడ్డు వారు స్కార్పియో నుంచి తీసిన 2609 సీసీ టర్బో ఇంజిన్, ఐదు గేర్ల గేర్‌బాక్స్, గట్టి వెనుక యాక్సిల్ బిగిస్తామన్నారు. 40 వేలు అడ్వాన్సు ఇచ్చాను. పని ఇంకా మొదలుకాలేదు. ‘రెండూ ఒకే కంపెనీవి, ముందు బిగించి 14 రోజుల్లో ఆర్టీఏ కార్యాలయంలో చెబితే చాలు’ అంటున్నారు. ఆర్‌సీ గడువు 2026లో తీరుతుంది. అది మూడేళ్ల క్రితం మరణించిన నాన్నగారి పేరుతోనే ఉంది. ముందుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: అడ్వాన్సు పోయినా సరే, ఆ ఇంజిన్ మాత్రం బిగించనివ్వకండి.

మీ షెడ్డు వారు చట్టం చదివారు, కానీ తమకు కావలసినంతే చదివారు. 14 రోజుల మాట మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో నిజంగానే ఉంది. అయితే అది మూడో ఉపసెక్షన్. జరిగిన మార్పును ఆర్‌సీలో నమోదు చేయించుకోవడానికి ఇచ్చిన గడువు అది. మొదటి ఉపసెక్షన్ వద్దన్న పనిని అది మాఫీ చేయదు. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా ఏ యజమానీ వాహనాన్ని మార్చకూడదని మొదటి ఉపసెక్షన్ చెబుతుంది. ‘ఒకే కంపెనీ’ అన్న వాదన రెండో ఉపసెక్షన్ నుంచి వచ్చి ఉంటుంది. కనీసం పది రవాణా వాహనాలు ఉన్న యజమానికి, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా అనుమతిస్తే, అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేసుకునే వెసులుబాటు అది. మీకున్నది ఒక్క జీపు. పైగా కంపెనీ ఒకటే అయినా రకం ఒకటి కాదు: మీ జీపుతో వచ్చింది 2112 సీసీ, 62 అశ్వశక్తి ఇంజిన్, వారు పెట్టబోయేది వంద అశ్వశక్తి దాటినది.

‘మా ఊళ్లో ఫలానా ఆయన మార్చి ఆర్‌సీలో రాయించుకున్నాడు కదా’ అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అది అబద్ధం కాకపోవచ్చు. ఒకప్పుడు సెక్షన్ 52 వేరుగా ఉండేది. రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆమోదం తీసుకుంటే మార్పులు సాధ్యమయ్యేవి. 2000లో వచ్చిన సవరణ ఆ దారిని చాలావరకు మూసింది. కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని తేల్చి, రాష్ట్ర నియమాలు కూడా సెక్షన్ 52కు లోబడి ఉండాల్సిందేనంది. ఇప్పుడు మిగిలిన ప్రధాన మినహాయింపులు సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి ఆమోదిత కిట్‌తో మారడం, దివ్యాంగుల అవసరాలకు వాహనాన్ని అనువుగా మార్చడం. డీజిల్ నుంచి మరింత బలమైన డీజిల్‌కు మారడం వీటిలో లేదు.

ఉల్లంఘిస్తే 2019 సవరణతో చేరిన 182ఏ(4) సెక్షన్ వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ కలిపి ఒకటే పని అని మీరు అనుకుంటారు, అధికారి అలా అనుకోకపోవచ్చు. ఇందులో షెడ్డు వారు కూడా జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటుంది. ఈ చట్టంలో ‘డీలర్’ నిర్వచనంలోకి వాహనాలు మరమ్మతు చేసేవారు కూడా వస్తారు. డీలర్ నిబంధనలకు విరుద్ధంగా వాహనాన్ని మారిస్తే ఏడాది వరకు జైలు గానీ, వాహనానికి లక్ష రూపాయల జరిమానా గానీ ఉంది. ఈ ముక్క వారికి చదివి వినిపించండి, అడ్వాన్సు మాట తేలికవుతుంది.

‘పొలం దారిలోనే నడుపుతాను’ అనడం కూడా పనికిరాదు. రిజిస్ట్రేషన్ లేకుండా బహిరంగ ప్రదేశంలోనే కాదు, ‘మరే ఇతర ప్రదేశంలోనూ’ నడపకూడదని 39వ సెక్షన్ అంటోంది.

నిజానికి నన్ను భయపెట్టేది జరిమానా కాదు, ప్రమాదం జరిగిన రోజు. మీ జీపుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. 62 అశ్వశక్తికి తగినట్లు అమర్చిన బ్రేకులతో, ఛాసిస్‌తో వంద దాటిన ఇంజిన్ నడుస్తూ నర్సంపేట రోడ్డు మీద ఎవరినైనా ఢీకొంటే, బీమా సర్వేయర్ మొదట చూసేది ఇంజిన్ నంబరునే. మీ జీపుకు జరిగిన నష్టం క్లెయిమ్‌ను, తమకు తెలపని మార్పు చేశారన్న కారణంతో కంపెనీ తిరస్కరించడానికి ఆధారం దొరుకుతుంది. గాయపడినవారికి ట్రిబ్యునల్ ఆదేశంతో కంపెనీ పరిహారం చెల్లించినా, ఆ సొమ్ము మీ నుంచి రాబట్టుకోవడానికి గట్టిగా ప్రయత్నిస్తుంది. అలాంటి తీర్పుల కింద చేను అమ్ముకున్న కుటుంబాలను చూశాను.

ఇంకొక ప్రశ్న మీరు అడగలేదు: ఆ టర్బో ఇంజిన్ ఎవరిది? తుక్కు దుకాణంలో దొరికిన ఇంజిన్‌కు బిల్లు, పాత బండి రిజిస్ట్రేషన్ రద్దయిన పత్రం లేకపోతే అది దొంగ సొత్తు కావచ్చు. తెలిసి గానీ, అనుమానించాల్సిన కారణం ఉండి గానీ దురుద్దేశంతో దొంగ సొత్తు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. తెలియదని మీరు నిరూపించుకునే లోగా జీపు ఠాణా ఆవరణలో ఎండుతుంది.

మరి బురద సంగతి? పాత ఇంజిన్‌నే కంపెనీ కొలతల ప్రకారం పూర్తిగా విప్పి బాగుచేయించండి. రింగులు, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు, క్లచ్చు, యాక్సిల్ షాఫ్టులు, యూనివర్సల్ జాయింట్లు ఇవన్నీ అదే కొలతల్లో కొత్తవి వేస్తే అది మరమ్మతు, మార్పు కాదు. ముప్పై ఏళ్ల ఇంజిన్ 62 అశ్వశక్తిని పూర్తిగా ఇస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇంజిన్ బాగుపడే స్థితిలో లేకపోతే అదే రకం మరో ఇంజిన్‌కు ముందుగానే రిజిస్టరింగ్ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, రాతపూర్వక జవాబు వచ్చాకే వేయించండి. నోటి మాట అనుమతి కాదు. పాత ఇంజిన్‌కే టర్బో తగిలించడం కూడా వద్దు. అశ్వశక్తి రిజిస్ట్రేషన్ వివరాల్లో ఒకటి. టర్బోకు తగ్గట్టు ఇంజిన్‌లోకి డీజిల్ ఎక్కువ పంపిస్తే పొగ పెరుగుతుంది, మీ కాలపు బండికి పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనానికి కొలత). ఇవేవీ నచ్చకపోతే, కంపెనీయే టర్బోతో ఇచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్ పాత బండి కొనుక్కోండి. షెడ్డు బిల్లుతో పోలిస్తే నాకు అదే మేలనిపిస్తుంది.

అడ్వాన్సు విషయం. చట్టం నిషేధించిన పనికి చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. అది చెల్లదని తర్వాత తెలిసినప్పుడు పొందిన లాభం తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది: తప్పని మొదటినుంచీ మీకూ తెలుసంటే ఆ సెక్షన్ మీకు అండగా నిలవదు. చట్టబద్ధమని వారే చెప్పారు కాబట్టి ఆ మాట ఫోను సందేశాల్లో ఉంటే చెరిపివేయకండి. ముందు రిజిస్టర్డు పోస్టులో ఒక ఉత్తరం రాయండి. వారు మీకోసం నిజంగా ఏదైనా ఖర్చు పెట్టి ఉంటే కొంత తగ్గించుకుని రాజీపడండి. కుదరకపోతే హనుమకొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, మీ మొత్తానికి ఫీజు లేదు.

వీటన్నిటికంటే ముందు మీరు చేయాల్సిన పని మరొకటి ఉంది. యజమాని మరణిస్తే 30 రోజుల్లో అధికారికి తెలిపి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పునకు దరఖాస్తు చేయాలి. మూడేళ్లు గడిచిపోయాయి. బీమా కూడా నాన్నగారి పేరుతోనే నడుస్తూ ఉంటే అది మరో చిక్కు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ అమ్మగారు, తోబుట్టువుల అంగీకారం తీసుకుని, ఆలస్యానికి జరిమానా ఉంటే కట్టేయండి. ఆర్‌సీ పునరుద్ధరణకు ఫారం 25ను గడువుకు 60 రోజుల లోపే తీసుకుంటారు. అప్పుడు తనిఖీ చేసేది మన జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారే. ఆయన ముందుకు బండి వెళ్లేనాటికి ఫారం 31 పని పూర్తయి, కాగితం మీద మీ పేరు, బానెట్ కింద 1996 నాటి నంబరు ఉండాలి.