సినిమా నడుస్తుండగా దాని మీద జోకులేసే అమెరికన్ కమెడియన్ల బృందం రిఫ్‌ట్రాక్స్. వాళ్లు సినిమా ఇవ్వకుండా వెక్కిరింపుల ఆడియో మాత్రమే ఎందుకు అమ్మేవారు?

కారణం కాపీరైట్. పెద్ద హాలీవుడ్ సినిమాల హక్కులు కొనడం ముగ్గురు నలుగురు కమెడియన్ల వల్ల అయ్యే పని కాదు. అందుకే 2006లో అమెరికాలో కమెడియన్ మైక్ నెల్సన్ దీన్ని మొదలుపెట్టినప్పుడు తమ మాటలనే ఎంపీ3గా అమ్మారు. డీవీడీ మనమే తెచ్చుకుని రెండూ ఒకేసారి నడపాలి. అసలు తంటా అక్కడే: రెండు సెకన్లు తేడా వచ్చినా జోకు చప్పబడిపోతుంది! అందుకో చిట్కా పెట్టారు. మధ్యమధ్యలో ఒక రోబో గొంతు సినిమాలోని డైలాగు పలుకుతుంది. తెర మీద పాత్ర కూడా సరిగ్గా అప్పుడే అదే మాట అంటే సరే, లేదంటే ఆపి సరిచేసుకోవాలి. హక్కులు సులువుగా దొరికే పాత చెత్త సినిమాలనైతే బొమ్మతో కలిపే ఇస్తారు. నా ఓటు వాటికే, ఈ సింక్ టెన్షన్ ఉండదు.