బుడ్డలు అమ్మి పామాయిల్ కొన్న ఇల్లు మాది

"ఇంత భూమి, ఇంతమంది రైతులు ఉన్న మన దేశం వంటనూనెను బయటి దేశాల నుంచి ఎందుకు కొనుక్కుంటోంది?" అని అడిగారు. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. వేరుశనగను మేం బుడ్డలంటాం. బుడ్డల కల్లంలో ఆడుకుని పెరిగినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

1998 డిసెంబరు. నేను ఎనిమిదో తరగతి. నాయన, నేను ట్రాక్టర్లో 32 బస్తాలు వేసుకుని టౌన్లో వ్యాపారి దగ్గరికి పోయాం. ఆయన బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీశాడు. పైన మంచివి పోసి కింద తాలు కాయలు నింపుతామని అనుమానం. చిన్న తక్కెడలో వంద గ్రాములు తూచి, గుమాస్తాతో ఒలిపించి, పప్పులు మళ్లీ తూచాడు. 64 గ్రాములు. "అరవై నాలుగే పడిందన్నా. ఈసారి పప్పు నిండలేదు" అన్నాడు. నాయన ఒక పప్పు నోట్లో వేసుకుని నమిలాడు గానీ ఏమీ అనలేదు. పూల నుంచి ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే టైములో మూడు వారాలు వాన ముఖం చూపించలేదు. అది ఇద్దరికీ తెలుసు. రేటు అక్కడే తెగిపోయింది.

ఏటా రెండు బస్తాలు ఇంటికి ఉంచుకుని మిల్లులో ఆడించుకునేవాళ్లం. ఏడాది పొడుగునా అదే నూనె. ఆ ఏడు అప్పుల వాళ్లకు సర్దడానికి ఆ రెండూ అమ్మేశాం. తిరిగొస్తూ నాయన అంగడిలో డబ్బా నిండా పామాయిల్ పోయించుకున్నాడు. మరుసటి పొద్దున చూస్తే చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది. అవ్వ అందులో గరిటె గుచ్చింది. గరిటె అట్లాగే నిలబడింది. "ఏందిరా ఇది, నూనెనా, డాల్డానా?" అంది. అమ్మ మాట్లాడకుండా డబ్బా తీసుకుపోయి ఎండలో పెట్టింది. నాయన తల ఎత్తకుండానే "మన బుడ్డలు ఆడించుకుంటే కేజీ నూనెకు పడే డబ్బుతో ఇది కేజీన్నర వస్తుందమ్మా" అన్నాడు.

నన్నడిగితే మీ ప్రశ్నకు నాయన చెప్పిందే జవాబు. బుడ్డలు పండించేవాడికే బుడ్డల నూనె గిట్టుబాటు కాలేదు. ఇంక కొనేవాడి సంగతి చెప్పాలా?

మనకు చేతకాదు అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల మిషన్ పెట్టింది. పదేళ్లలో దేశంలో నూనెగింజల పంట దాదాపు రెట్టింపు అయింది. 1990ల మొదట్లో దిగుమతులు నామమాత్రానికి పడిపోయాయి. పండించి చూపించాం కదా! తర్వాత ఏమైందంటే, 1994లో పామోలిన్ దిగుమతికి ప్రైవేటు వ్యాపారులకు తలుపులు తెరిచారు. మొదట 65 శాతం సుంకం వేశారు. 1998 కల్లా అది 15 శాతానికి దిగింది. సరిగ్గా మా అవ్వ గరిటె గుచ్చిన సంవత్సరం. ఇప్పుడు ఏటా దాదాపు 160 లక్షల టన్నులు తెచ్చుకుంటున్నాం. మనం వాడేదాంట్లో సగానికి పైగా అదే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, పొద్దుతిరుగుడు రష్యా, ఉక్రెయిన్ నుంచి. కర్నూలు నల్లరేగళ్లలో ఒకప్పుడు బస్సు కిటికీలోంచి కనుచూపు మేర పొద్దుతిరుగుడు పూలే కనిపించేవి. దేశం మొత్తం మీద 1990లలో 20 లక్షల హెక్టార్లకు పైగా ఉన్న ఆ పంట ఇప్పుడు అందులో పదో వంతుకు వచ్చేసింది.

పామాయిల్ అంత చౌక ఎందుకంటే లెక్క సులువే. మా మెట్ట చేలో మంచి ఏడాదైతే ఎకరాకు పది బస్తాలు, అంటే 400 కేజీల కాయ. ఒలిస్తే 280 కేజీల పప్పు. ఆడిస్తే 120 కేజీల నూనె. పామాయిల్ తోట బాగా కాస్తే ఎకరాకు 1,500 కేజీల దాకా ఇస్తుంది. దాంతో పోటీ పడమంటే మా చేను ఎక్కడ పడుతుంది? "అయితే మీరూ ఆయిల్ పామ్ వేసుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఒకసారి మా ఊరికి రండి. ఏలూరు వైపు, అశ్వారావుపేట వైపు బ్రహ్మాండంగా పండుతోంది, కాదనను. 2021లో కేంద్రం దానికోసమే 11,040 కోట్లతో మిషన్ పెట్టింది. ఎండాకాలంలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్ల నీళ్లు కావాలి. మాకు ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల వాన, అదీ బుద్ధి పుట్టినప్పుడు.

ఇంకో కడుపుమంట. వరికి మద్దతు ధర ఇస్తే కొనే నాథుడు ఉంటాడు. బుడ్డలకు 2025-26లో క్వింటాలుకు 7,263 రూపాయలు ప్రకటించారు. మా బావ అమ్మింది దానికి ఎంతో తక్కువకి. సుంకమూ అంతే. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద 27.5 శాతానికి పెంచారు. హమ్మయ్య అనుకునేలోపే 2025 మే చివర 16.5కు దించారు. నూనె ధర పెరిగితే టీవీల్లో గోల, బుడ్డల ధర పడితే ఎవరికీ పట్టదు. ఓట్లు కొనేవాళ్ల దగ్గర ఎక్కువ ఉన్నాయి మరి. నూనె కొనేవాళ్లనే నా ఉద్దేశం.

తమాషా ఏంటంటే, మన వేరుశనగ పప్పుకు పెద్ద గిరాకీ ఇండోనేషియాలోనే. మనం వాళ్లకు పప్పులు పంపి, వాళ్ల దగ్గర పామాయిల్ తెచ్చుకుంటాం. ఆ ఇండోనేషియానే 2022 ఏప్రిల్ 28న తన జనానికి చాలడం లేదని ఎగుమతి ఆపేసింది. మే 23 దాకా అంతే. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో హైదరాబాద్‌లో సన్‌ఫ్లవర్ ప్యాకెట్ 200 దాటింది. మా వీధి సూపర్ మార్కెట్లో మనిషికి రెండే అన్నారు. మా ఆవిడ ఒక లైన్లో, నేను ఇంకో లైన్లో ఒకరికొకరం తెలియనట్టు నిలబడ్డాం. అన్నట్టు ఆ ప్యాకెట్ల బరువు ఎప్పుడైనా చదివారా? ఒకప్పుడు 910 గ్రాములు ఉండేది. ఈమధ్య 850వి కూడా అమ్ముతున్నారు. చూడ్డానికి అదే సైజు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ ఐదు లీటర్ల క్యాన్ నిండా మిల్లులో ఆడించిన నూనె ఇచ్చి పంపింది. ఊరగాయకూ, చట్నీల తిరగమాతకూ అదే వాడుతున్నాం. పూరీలకు, బజ్జీలకు మాత్రం ప్యాకెట్టే. అమ్మకు ఆ మాట ఇంకా చెప్పలేదు.