నవంబరులో ఇంగ్లండ్ పల్లెలో ఇద్దరికి షెపర్డ్స్ హట్: బుక్ చేసే ముందు ఏం చూడాలి?

పెళ్లిరోజుకి నవంబరు చివర్లో రెండు రాత్రులు దక్షిణ ఇంగ్లండులోని డోర్సెట్ వైపు షెపర్డ్స్ హట్ తీసుకోవచ్చా అని అడిగారు. తప్పకుండా తీసుకోండి. కానీ ఫొటోల్లో దీపాల దండలు చూసి కాదు, మంచం, బాత్రూము, పొయ్యి చూసి ఎంచుకోండి. ఈ మూడూ బాగుంటే ఆ చిన్న గదిని మించిన ఏకాంతం లేదు.

దక్షిణ ఇంగ్లండులో 19వ శతాబ్దపు కాపరులు గొర్రెలు ఈనే కాలంలో మంద పక్కనే ఉండటానికి వాడిన చక్రాల గది ఇది. పోత ఇనుము చక్రాలు, వంపు తిరిగిన రేకు కప్పు, మూలన చిన్న పొయ్యి. ఇప్పుడు అద్దెకిచ్చేవి చాలావరకు కొత్తగా కట్టినవే. పాతదాన్ని బాగుచేసి ఇస్తున్నారంటే గోడల్లో ఇన్సులేషన్ (చలిని ఆపే పొర) ఉందో లేదో అడగండి.

హట్ వెడల్పు సాధారణంగా ఏడెనిమిది అడుగులు. మంచం అడ్డంగా బిగించి ఉంటే, గోడవైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే రెండోవాళ్లని దాటుకుని రావాలి. ఇక్కడి డబుల్ 135 x 190 సెం.మీ., కింగ్ 150 x 200. 'స్మాల్ డబుల్' అని రాస్తే వెడల్పు 120 మాత్రమే. మీలో ఎవరైనా ఆరడుగులుంటే పొడవు ముందే అడిగి తెలుసుకోండి.

బాత్రూము హట్ లోపలే ఉందా, పొలంలో విడిగా ఉందా? ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, నేలంతా బురద. విడిగా ఉందంటే వద్దనే నా సలహా. కంపోస్ట్ టాయిలెట్ అయితే ఇంకో సంగతి: వాడిన ప్రతిసారీ ఒక దోసెడు రంపపు పొట్టు వేస్తారు, పొడిగా ఉన్నంతవరకు వాసన రాదు. నీళ్లతో కడుక్కునే అలవాటున్న మనం అందులో నీళ్లు పోస్తే పొట్టు తడిసి వాసన మొదలవుతుంది. ఫ్లష్ ఉన్నదే చూసుకోండి.

ఇక పొయ్యి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. ముందు గాలి కంతలన్నీ పూర్తిగా తెరవండి. పొగగొట్టం చల్లగా ఉంటే పొగ గదిలోకే తంతుంది, కాబట్టి ఒక కాగితం ఉండ వెలిగించి గొట్టాన్ని కాస్త వేడెక్కనివ్వండి. తర్వాత బొటనవేలంత లావు పుల్లలు ఏడెనిమిది, ఒక ఫైర్‌లైటర్ (మంట అంటించే ముక్క). తలుపు ఓ ఐదు నిమిషాలు ఓరగా ఉంచి, పుల్లలు బాగా అంటుకున్నాక ఒకే ఒక్క చిన్న దుంగ. రెండు మూడు ఒకేసారి కుక్కితే అరగంటలో గది ఉక్కపోసి తలుపు తీయాల్సి వస్తుంది, తెల్లవారుజామున మళ్లీ గడ్డకడతారు. రాత్రంతా మండాలని గాలి మొత్తం మూసేయకండి. కట్టె కుములుతుంది, అద్దం నల్లబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. తెల్లవారుజాము చలికి చిన్న కరెంటు హీటర్ కూడా ఉన్న హట్ మేలు.

కట్టెలు బయట కొనాల్సి వస్తే 'రెడీ టు బర్న్' ముద్ర ఉన్న సంచి తీసుకోండి. అంటే తేమ 20 శాతానికి మించదని. హట్‌లోకి వెళ్లగానే కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి చూడండి. బయట వాడిన బార్బెక్యూ ఆరిపోయినట్టే కనిపించినా చలికని లోపలికి తేకండి, ప్రాణాలు పోతాయి.

వంటకి సాధారణంగా రెండు బర్నర్లే. పడక రెండడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి ఎండుమిర్చి తాళింపు పెడితే ఆ ఘాటు రాత్రంతా దుప్పట్లలోనే ఉంటుంది, పొగ అలారం కూడా మోగుతుంది. పులిహోర, పొడులు ఇంట్లోనే చేసి పట్టుకెళ్లండి, అక్కడ అన్నం, గుడ్లు, టీ చాలు.

తేదీ మీ చేతిలో ఉంటే అమావాస్య దగ్గర చూసుకోండి. డోర్సెట్ ఉత్తరాన ఉన్న క్రాన్‌బోర్న్ చేజ్ 2019 నుంచి అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతం. మబ్బు లేకపోతే పాలపుంత కంటికే కనిపిస్తుంది. ఒకవేళ వసంతానికి వాయిదా వేసుకుంటే అది గొర్రెలు ఈనే కాలం. గర్భంతో ఉన్నవాళ్లు అప్పుడు గొర్రెల దగ్గరికి, గొర్రెపిల్లల దగ్గరికి వెళ్లకూడదని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ హెచ్చరిస్తుంది, ఇన్ఫెక్షన్ కడుపులో బిడ్డకి ప్రమాదం.

వెళ్లేరోజు మూడున్నర లోపే చేరుకోండి. పల్లెల్లో ఒక్క పోస్ట్‌కోడ్ కిందే చాలా పొలాలుంటాయి, సందుల్లో ఒక్క కారే పడుతుంది, సిగ్నల్ పోతుంది. యజమాని పంపిన దారి వివరాలు ముందే ఫోన్‌లో సేవ్ చేసుకుని బయల్దేరండి.