డిరోబర్ట్ కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవి దేశం నౌరు, దాని తొలి ప్రెసిడెంట్ హామర్ డిరోబర్ట్ మీద నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. పేజీ తిప్పించే చెయ్యి నీది, అందులో అనుమానం లేదు. నా పేచీ అంతా మొదటి వాక్యంతోనే. "ఒకప్పుడు కుబేరుల దీవి, ఇప్పుడు దివాలా తీసిన దేశం" అని ఎత్తుకున్నావు. నౌరు గురించి రాసేవాళ్లలో చాలామంది అలాగే ఎత్తుకుంటారు. చివర ఏమైందో ముందే చెప్పేశాక ఆయన వేసిన ప్రతి అడుగూ ఆ గోతివైపే పడ్డట్టు కనిపిస్తుంది. 1956లో నౌరు జనానికి హెడ్ చీఫ్, అంటే పెద్ద, అయిన మనిషికి 2004లో మెల్బోర్న్‌లోని నౌరు హౌస్ భవనం దేశం చెయ్యి జారిపోతుందని ఎలా తెలుస్తుంది? ఏ రోజు ఆయన ముందు ఏయే దారులున్నాయో, వాటిలో ఏది ఎందుకు పట్టాడో ఆ రోజు దగ్గరే నిలబడి రాయి. నీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతా ఉత్తరమంతా దానికి వివరణ.

ముందు ఆ తలుపు రాయి కథ తీసెయ్. సిడ్నీ ఆఫీసులో తలుపుకు ఆనించిన నౌరు రాయిని చూసి కంపెనీ ఉద్యోగి ఆల్బర్ట్ ఎల్లిస్‌కు అనుమానం రావడం, పరీక్షిస్తే అది ఎరువుకు పనికొచ్చే మేలురకం ఫాస్ఫేట్ అని తేలడం ముచ్చటైన కథే, కాదనను. కానీ అది కంపెనీ చెప్పుకునే కథ. దాన్ని నమ్ముకుంటే నౌరు చరిత్ర ఆ ఆఫీసులోనే పుట్టినట్టవుతుంది. బదులుగా లెక్క చెప్పు. తొలిరోజుల్లో టన్నుకు భూమి సొంతదారుకు దక్కింది అర పెన్నీ. 1919లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తమలో తాము ఒప్పందం రాసుకుని తవ్వకాన్ని ఉమ్మడి కమిషనర్ల చేతిలో పెట్టాయి. ఆ ఎరువు బయటి ధర కంటే చవగ్గా ఆ దేశాల పొలాలకు చేరింది. డిరోబర్ట్ పుట్టింది 1922లో. అప్పటికే ఆయన కాళ్లకింది నేలకు రేటు కట్టేవాళ్లు సముద్రం అవతల ఉన్నారు. ఇంతకన్నా మంచి ప్రారంభం నీకెక్కడ దొరుకుతుంది?

ట్రుక్ సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. అది ఒప్పుకోను. ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో చదువుకుని వచ్చి బడిపంతులుగా కుదురుకున్న కుర్రాడు ఆయన. 1942 ఆగస్టులో జపాన్ సైన్యం దీవిలో దిగింది. మరుసటి ఏడాది దాదాపు 1,200 మంది నౌరు జనాన్ని ఓడలెక్కించి, అప్పట్లో తన చేతిలో ఉన్న ట్రుక్ దీవులకు తోలింది. ఆకలి, రోగాలు, వెట్టి. 1946 జనవరి 31న తిరిగొచ్చి సొంత తీరాన దిగినవాళ్లు 737 మంది. అందులో ఈయనొకడు. అంత చిన్న జాతిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పోయుంటారు. తర్వాత ఇరవై ఏళ్లపాటు దొరలతో బేరమాడిన మనిషి మనసులో ఈ లెక్క లేకుండా ఉంటుందా? దేశానికి స్వాతంత్ర్యం తెచ్చుకున్న తేదీ చూడు: 1968 జనవరి 31. కోరి పెట్టుకున్న రోజది.

ఇక కర్టిస్ ద్వీపం. ఫాస్ఫేట్ అయిపోయాక నౌరు మీద ఎవరూ బతకలేరు కాబట్టి జనమంతా క్వీన్స్‌లాండ్ తీరంలోని ఆ దీవికి వచ్చేయండని ఆస్ట్రేలియా అడిగింది, 1964లో వీళ్లు కాదన్నారు. దీన్ని నువ్వు "మాతృభూమి మీద మమకారం" అని రాసి ఊరుకున్నావు. కాదమ్మా. అన్నేళ్లు చర్చించారంటేనే తరలిపోవడానికి వాళ్లు ససేమిరా అనలేదని అర్థం. పేచీ వచ్చింది అధికారం దగ్గర. ఆస్ట్రేలియా పౌరసత్వం ఇస్తుంది, ఇళ్లు కట్టిస్తుంది, మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ ఒకటి పెట్టుకోనిస్తుంది. సార్వభౌమత్వం మాత్రం తన దగ్గరే ఉంచుకుంటుంది. అలా వెళ్తే రెండు తరాల్లో నౌరు జాతి అనేది మిగలదని ఆయన భయం. మమకారం అని రాస్తే పాఠకుడు కళ్లు తుడుచుకుని పేజీ తిప్పేస్తాడు. ఈ బేరం రాస్తే ఆయన ఎలాంటి మనిషో తెలుస్తుంది.

అన్నట్టు, వాళ్లు కాదనుకున్న ఆ భవిష్యత్తు ఎలా ఉండబోతుందో కూడా చూపించు. దీవి మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. చుట్టూ సన్నటి తీరం, అక్కడే ఇళ్లు, కొబ్బరిచెట్లు. నడిమధ్యనున్న మెట్టను అక్కడ టాప్‌సైడ్ అంటారు. ఫాస్ఫేట్ తోడేశాక ఆ మెట్టమీద మిగిలేది సున్నపురాతి కొమ్ములు. మనిషికంటే ఎత్తున నిలబడ్డ రాళ్లు, వాటి నడుమ లోతైన గుంతలు. ఇల్లు కట్టలేవు, విత్తు వేయలేవు, అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. "పర్యావరణ విధ్వంసం" అనే మాట మూడుసార్లు వాడావు. దానికంటే ఆ రాళ్లమధ్య ఒక మనిషిని నడిపిస్తే చాలు.

నీ పుస్తకానికి వెన్నెముక కాగల సంగతి ఒకటుంది. అది నీ చిత్తుప్రతిలో ఎక్కడా లేదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజునే డిరోబర్ట్ ఒక మాట అన్నాడు: దీవిలో మూడోవంతు మా స్వాతంత్ర్యానికి ముందే తవ్వేశారు, దాన్ని బాగుచేసే బాధ్యత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లదే. ఆ రోజుకు అది పండగపూట ప్రసంగంలో ఒక ముక్క. 1969లో ఆస్ట్రేలియా కుదరదని జవాబిచ్చింది. 1973లో, 1974లో ఆయన ఆస్ట్రేలియా నాయకుల దగ్గర మళ్లీ ఎత్తాడు. 1983లో ఉత్తరం రాశాడు, మళ్లీ కుదరదన్నారు. 1986లో విచారణ సంఘం వేసి, శ్రీలంక న్యాయకోవిదుడు వీరమంత్రిని దానికి అధ్యక్షుడిగా పెట్టాడు. 1989 మే నెలలో నౌరు అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. ఇన్నాళ్లు ఏం చేశారు, కేసు చెల్లదని ఆస్ట్రేలియా వాదించింది. ఆ పండగపూట మాట దగ్గర్నుంచి ఈ ఉత్తరాలన్నీ వరసగా చూసి న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. తీర్పు తేదీ 1992 జూన్ 26. డిరోబర్ట్ మెల్బోర్న్‌లో కన్నుమూసింది అదే ఏడాది జులై 15న. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా 10.7 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఇందులో నువ్వు అలంకారం ఒక్కటీ చేర్చక్కర్లేదు, తేదీలు వరసగా పెట్టు చాలు.

పార్లమెంటు అధ్యాయాన్ని కామెడీ ట్రాక్ చేసేశావు. నిజమే, 1986 చివర్లో జరిగింది వింటే నవ్వొస్తుంది. సెప్టెంబర్ 17న డిరోబర్ట్ పదవి పోయింది, కెనన్ అడియాంగ్ వచ్చాడు. అక్టోబర్ 1న డిరోబర్ట్ తిరిగొచ్చాడు. డిసెంబర్ 12న మళ్లీ అడియాంగ్, 22న మళ్లీ ఈయన. మన పాఠకుడికి మేజర్ పంచాయతీలో అవిశ్వాసం పెట్టినట్టు తోస్తుంది, తోయనీ. కానీ అలా ఎందుకు జరుగుతుందో చెప్పాలి కదా. అప్పట్లో సభలో 18 మంది. ప్రెసిడెంట్‌ను ఎన్నుకునేది వాళ్లే, ప్రజలు నేరుగా కాదు. గట్టి పార్టీలు లేవు, చుట్టరికాలే ఎక్కువ. ఒక్క సభ్యుడు అటు జరిగితే ప్రభుత్వం కూలుతుంది. 1976లో బెర్నార్డ్ డోవియోగో వెంట ఉన్న యువతరం ఈయన్ని దించినప్పుడూ, 1978లో లాగుమోట్ హారిస్ కొద్ది వారాలకే తప్పుకుంటే ఈయన తిరిగొచ్చినప్పుడూ నడిచింది ఈ లెక్కే. అలాంటి సభలో అన్నేళ్లు నెగ్గుకురావడానికి ఏ ఓటు ఎక్కడుందో ప్రతి పూటా తెలిసుండాలి. ఆ టెన్షన్ నీ పేజీల్లో కనిపించాలి.

ఆయన్ని వెనకేసుకు రమ్మని నేననడం లేదు. తిట్టాల్సిన చోట తిట్టు, కాకపోతే సరైన చోట తిట్టు. 1967లో కమిషనర్ల ఆస్తులను 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుని, 1970 కల్లా గనిని దేశం చేతికి తేవడం గట్టి పని. ఆ తర్వాత తవ్వకం సొంత ప్రభుత్వానిదే, టాప్‌సైడ్‌కు పట్టిన గతి మాత్రం మారలేదు. మొదటి మూడోవంతుకు దొరలను నిలదీసినవాణ్ని తర్వాతి భాగానికి నువ్వు నిలదీయాలి. విమాన సంస్థకు పెట్టిన ఖర్చు, మెల్బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ గురించి ఇప్పటికే అందరూ రాశారు. నువ్వు ఒక పేరాతో సరిపెట్టినా నష్టం లేదు. ఎక్కువమంది పట్టించుకోనిది ఆ గనుల్లో రెక్కలు ముక్కలు చేసుకున్నవాళ్ల సంగతి. కిరిబాటి, టువాలు, చైనా నుంచి వచ్చిన కూలీలు వాళ్లు. కాంట్రాక్టు ఉన్నన్నాళ్లు పని, అయ్యాక ఓడ. తన జాతి హక్కు కోసం ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లిన నాయకుడి దేశంలో వాళ్లకు స్థానం ఏమిటి? ఈ ప్రశ్న నీ పుస్తకంలో లేకపోతే అది సన్మానపత్రం అవుతుంది.

ఎక్కడ వెతకాలని అడిగావు. ఆ 1992 తీర్పు మొత్తం చదువు, లాయర్ల భాష చూసి బెదరకు. స్వాతంత్ర్యానికి ముందు నౌరు ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వంలో ఉండేది కాబట్టి సమితి ధర్మకర్తృత్వ మండలి రికార్డుల్లో ఈయన వాదనలు దొరుకుతాయి. అమెరికా ఏలుబడిలోని గువామ్ దీవి పత్రిక ఒకటి 1978లో మార్షల్ దీవుల వేర్పాటువాదులకు అక్రమంగా అప్పిచ్చాడని రాస్తే ఈయన అమెరికా కోర్టుల్లో పరువునష్టం దావా నడిపాడు. ఆ కాగితాలూ చూడు. పొగడ్త పుస్తకాల్లో కనిపించని మనిషి, కోపం వచ్చిన మనిషి అక్కడున్నాడు.

పేరు చివర "గారు" పెట్టాలా వద్దా అన్నావు. వద్దు. పెడితే ప్రతి వాక్యమూ లేచి నిలబడినట్టుంటుంది.

మొదటి అధ్యాయం జోలికి ఇప్పుడే పోకు. 1967 బేరసారాల అధ్యాయం ముందు రాసి పంపు. అది కుదిరితే మొదలు ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది. ఈ నెలాఖరుకు కంటి ఆపరేషన్ ఉంది, ఆలోపు వస్తే నేనే చదువుతాను. తర్వాతైతే మా మనవరాలి చేత చదివించుకుంటాను, దానికి ఓపిక తక్కువ.

ఆశీస్సులతో,
మాస్టారు