కోనసీమ కుర్రాడు 16 ఏళ్లకే విదేశీ క్లబ్‌లో చేరొచ్చా?

అమలాపురంలో ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్‌గా (మైదానం మధ్యలో) ఆడే మీ తమ్ముడికి 16 ఏళ్లే కదండీ, విదేశీ క్లబ్‌లో చేర్పిస్తానని ఏజెంట్ అడిగిన డబ్బు కట్టకండి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమాల ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్పితే, 18 నిండకుండా వేరే దేశపు క్లబ్‌కి బదిలీ కుదరదు.

తొందరెందుకు? క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోడ్రిచ్‌నే చూడండి, బక్కపలచని మనిషి. 2003లో అతని క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ అతన్ని బోస్నియా క్లబ్ జ్రిన్‌స్కీకి లోన్‌పై, అంటే తాత్కాలికంగా, పంపింది. అక్కడి ఆట మహా మొరటు. ఆ లీగ్‌లో నెగ్గుకొచ్చినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాత అతనే అన్నాడు. 2008లో ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్‌లో, 2012లో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. ఏటా మేటి ఫుట్‌బాలర్‌కి ఇచ్చే బాలన్ డోర్ అవార్డు దక్కింది 2018లో, 33 ఏళ్లకి!

ముసురు రోజుల్లో మన స్కూల్ గ్రౌండ్ బురదలో బంతి సగంలోనే ఆగిపోతుంది. అందులోనూ తలెత్తి చూసి పాస్ ఇవ్వగలుగుతున్నాడా? అది సాధన చేయించండి. పాస్‌పోర్ట్ మాత్రం ఇప్పుడే తీసి ఉంచండి.