బాయిలర్ డ్యూటీకి వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నీకు థర్మల్ ప్లాంటులో బాయిలర్ ఆపరేషన్‌లో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. మీ పెద్దమ్మ అప్పటికప్పుడే పక్కింటికి స్వీట్లు పంపించింది. నాకు మాత్రం తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు నేను తిరిగినలాంటి చోటే నువ్వూ తిరగబోతున్నావంటే గుండె నిండిపోయింది, భయం కూడా వేసింది, అందుకే ఇంత పొడుగు మెసేజ్.

హెల్మెట్, బూట్లు, ఇయర్‌ప్లగ్స్ మర్చిపోకు. నైట్ షిఫ్టుకి తినకుండా వెళ్లకు.

చదువుకున్నదే అయినా మళ్లీ చెబుతాను. ఇంట్లో 100 డిగ్రీలకు మరిగే నీళ్లు, చదరపు సెంటీమీటరుకి 150 కేజీల ప్రెషర్ ఉన్న బాయిలర్ డ్రమ్ములో 340 డిగ్రీల దగ్గరికి వస్తేగానీ మరగవు. ఆ స్టీమ్‌ని సూపర్‌హీటర్ గొట్టాల్లో ఇంకా కాచి 540కి తెస్తాం, ఎందుకంటే తడి స్టీమ్ టర్బైన్‌లోకి పోతే ఆ నీటి బొట్లే బ్లేడ్లను కొరికేస్తాయి. 540 దాటనిస్తే గొట్టాల ఆయుష్షు తరుగుతుంది, స్టీమ్ వేడి తగ్గించే నీటి స్ప్రే మీద ఒక కన్ను వేసి ఉంచు. వేడి ఎక్కువ కదా అని అది వస్తువుల్ని బాగా కాస్తుందనుకోకు. కిలో స్టీమ్ 100 డిగ్రీల దగ్గర నీరైపోతే 540 కిలోకేలరీలు ఇస్తుంది, అదే నీరు కాకుండా స్టీమ్‌గానే 200 నుంచి 100కి దిగితే 50 కూడా ఇవ్వదు. చెరకు ఫ్యాక్టరీల్లో టర్బైన్ తిప్పి వచ్చిన స్టీమ్‌లో ఇంకా సూపర్‌హీట్ మిగిలితే నీళ్లు చల్లి తగ్గించి, ఆ తర్వాతే రసం మరిగించడానికి పంపేది అందుకే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. అప్పుడు నాకు ఇరవై ఆరు. నైట్ షిఫ్ట్, రెండున్నర అయ్యుంటుంది. మెయిన్ స్టీమ్ లైన్ వైపు చెవులు చిల్లులు పడేలా ఈల చప్పుడు. చూస్తే అవతల మెట్ల దగ్గర తెల్లగా లేస్తోంది. లీకు అక్కడే అనుకున్నాను. కంట్రోల్ రూమ్‌కి చెప్పలేదు, నేనే కనిపెట్టి చెబితే మెచ్చుకుంటారని. టార్చ్ ముందుకు చాపి నడిచాను. మా నాన్న వయసు హెల్పర్ ఒకాయన వెనక నుంచి కాలర్ పట్టి ఒక్క గుంజు గుంజాడు, ఇద్దరం ఇనుప గ్రేటింగ్ నేల మీద పడ్డాం. నాకు కోపం వచ్చింది. ఆయన ఏమీ అనకుండా లేచి, వెదురు కర్ర చివర గుడ్డ కట్టి, నేను అడుగు వేయబోయిన చోటికి మెల్లగా చాపాడు. అక్కడ ఏమీ లేదు చిన్నీ, వెనకున్న గోడ కూడా శుభ్రంగా కనిపిస్తోంది. గుడ్డ చూస్తుండగానే పీలికలై ఎగిరిపోయింది.

సూపర్‌హీటెడ్ స్టీమ్ కంటికి కనబడదు. మనం చూసే తెలుపు, అది గాల్లో చల్లబడి తుంపరలయ్యాక వచ్చేది. రంధ్రానికీ ఆ తెలుపుకీ మధ్య ఖాళీగా కనిపించే జాగాలోకే నేను వెళ్లబోయాను.

అప్పుడు చూశాను ఆయన ముంజేయి. నన్ను లాగేటప్పుడు స్టీమ్ తగిలి కాలింది, రెప్పపాటే. ఆయన రిటైరైన రోజు దండ వేస్తుంటే కూడా నా కళ్లు ఆ మచ్చ మీదే ఉన్నాయి. లాగ్‌బుక్‌లో మాత్రం 'లీకు గుర్తించాం' అని రాశాను, నా తొందర వల్ల కాలిందని రాయలేదు. మీ పెద్దమ్మకి కూడా నిన్న రాత్రే చెప్పాను.

కాబట్టి చప్పుడు వినబడితే అక్కడే ఆగు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి కంట్రోల్ రూమ్‌కి చెప్పు, అటు ఎవరూ పోకుండా తాడు కట్టించు. కొత్త పిల్ల భయపడిందని ఎవరైనా నవ్వితే నవ్వనీ. చిన్నప్పుడు కుక్కర్ విజిల్ వేస్తే నా లుంగీ వెనక దాక్కునేదానివి, అందరం నవ్వేవాళ్లం. ఆ భయం కొంచెం దాచుకో తల్లీ.

చల్లని లైన్‌లోకి స్టీమ్ వదిలే ముందు డ్రెయిన్లు తెరిచి నీళ్లు పోయాయో లేదో చూసుకోవడం గురించి ఫోన్‌లో చెబుతాను, అదీ పెద్ద కథే. మీ పెద్దమ్మ నీకు మూడు ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కాలు కుట్టిస్తోంది. ఎంత ఉక్కపోసినా చేతులు పైకి మడవకు.

పెదనాన్న